మూడో పేజీకీ నాలుగో పేజీకీ మధ్య

ఉలాన్‌బాతర్‌లో జనవరి. కిటికీకి లోపలివైపే మంచు.
బొగ్గుపొగ ఎంత చిక్కగా ఉందంటే
ఎదుటి భవనం తొమ్మిదింటికి గాని పుట్టదు.
గదిలో నలుగురం, ఒక హీటర్.
చలికి పశువులు కూలిపోతున్న కాపరుల్లో
గడ్డి ఎవరెవరికి పంపాలో చెప్పే జాబితా ఒకటి.

జాబితా మా దగ్గర లేదు. మంత్రిత్వశాఖ సర్వర్‌లో ఉంది.
అది అంతా ఒక్కసారి ఇవ్వదు,
నూరేసి పేర్లు కొలిచి పోస్తుంది.
తరువాతి పేజీ అంటే మరో నూరు.
గబగబా అడిగితే కసురుతుంది: కాసేపాగి రా.
ఆగాను. ఉప్పు టీ తాగాను.
మూడు వందలు దాటేసి, నాలుగో నూరు ఇమ్మన్నాను.

పందొమ్మిదో పేజీలో నలభై ఐదుగురే వచ్చారు.
అంటే అయిపోయింది.
మొత్తం ఎందరంటే, వెయ్యీ ఎనిమిది వందల నలభై ఐదు అంది సర్వర్.
నా చేతిలోనూ అంతే.
లెక్క కుదిరిన చిన్న గర్వంతో
ఫైలు లారీల వాళ్ళకి పంపేసి
బూట్లు తొడుక్కున్నాను.

ఆరో రోజు ఫోను, జవ్‌ఖాన్ నుంచి.
దెజిద్మా అట. సిగ్నల్ కోసం కొండెక్కిందట.
మాట కంటే గాలే ఎక్కువ వినబడింది.
"లారీ పక్క లోయలోకి వచ్చింది.
లువ్సన్‌దోర్జ్ గుడారం దగ్గర దింపింది.
గుడారం లేదక్కడ, మంచులో గుండ్రటి పల్లం ఉంది.
వాడు మిగిలినవి అమ్మేసి మీ ఊరే వచ్చేశాడు,
పేరు కూడా తీయించుకునే వచ్చాడు, మర్యాదస్తుడు.
నా పేరు లేదన్నాడు డ్రైవరు.
ఆ మూటలు నావి కావు గనక
ముట్టుకోలేదు."

రాత్రి లాగ్‌లు తిరగేశాను.
నలభై ఒకటో వరుసలో లువ్సన్‌దోర్జ్.
నేను మూడో పేజీ అందుకుని నాలుగోది అడిగేలోపు,
టీ చల్లారేలోపు,
ఎవరో గుమాస్తా ఆ వరుస చెరిపాడు.
వెనకున్నవాళ్ళంతా తలో అడుగు ముందుకు జరిగారు,
ఎవరూ చెప్పకుండానే, క్యూలో జరిగినట్టు.
మూడు వందల ఒకటో మనిషి
మూడు వందలో చోటుకొచ్చి నిలబడింది.
మూడు వందలూ చూసేశాననుకుని
నేను ఆమె పక్కనుంచే నడిచిపోయాను.
ఎర్ర అక్షరం ఒక్కటీ రాలేదు.
వెళ్ళిపోయినవాడు ఒకడు ఎక్కువ,
ఉన్న మనిషి ఒకతె తక్కువ.
అందుకే కుదిరింది లెక్క.

మర్నాడు ఆమె కొండెక్కే వేళకి ఫోన్ చేశాను.
క్షమించమన్నాను. ఎలా చెప్పాలో తెలీక
గొర్రెలతో మొదలుపెట్టాను.
నవ్వింది. నవ్వు కూడా గాలే.
"దొడ్డి గుమ్మంలో నేనెప్పుడూ అంకె పట్టుకు కూర్చోను, పిల్లా.
కుక్క మొరుగుతుంది, రెండు వెనక్కి పరిగెడతాయి,
అంకె చెదురుతుంది.
ఆఖరున దాటినదాని ముఖం పట్టుకుంటాను.
చెవి చిరిగిన మేక దాటింది. సరే,
దాని వెనక ఎవరు? అంతే."
"ఆ మేకే చచ్చిపోతే?"
"చస్తే, దాని చోటు కూడా చస్తుందా?"

కోడ్ మార్చాను.
ఇప్పుడది ఎన్ని దాటేయాలో చెప్పదు,
ఫలానా మనిషి తరువాత ఎవరని అడుగుతుంది.
ఎప్పుడూ మారని నమోదు సంఖ్య ప్రకారం నిలబెడుతుంది అందరినీ.
రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

దెజిద్మాకి గడ్డి తొమ్మిదో రోజున చేరింది.
అరవై రెండింటిలో ముప్పై ఎనిమిది మిగిలాయని
ఆమె చెప్పలేదు,
తరువాతి జాబితాలో ఆమె వరుసలో చదివాను.

ఇప్పటికీ ఆఖరి పేజీ దాటాక
తరువాత ఎవరని ఇంకోసారి అడుగుతాను.
రెండు బ్రాకెట్లు వస్తాయి, మధ్యన ఏమీ లేకుండా.
నా పక్క కుర్చీ బాయర్‌హూకి విసుగు.
వచ్చిందిగా ఖాళీ, ఇంకేం చూస్తావంటాడు.

చూస్తాను.